చిట్టిచేతుల అంటు

అక్కడ కాదు కొంపాద్రే, అక్కడ పెట్టకండి! తడి బకెట్టుతో నా కుట్టుగదిలోకి రావద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఆ బల్లమీద పరిచింది ఏంటనుకున్నారు, పాత దుప్పటా? మీ కూతురి పెళ్ళిగౌను. ఒక్క ఉప్పుచుక్క పడిందంటే ఆ తెల్లగుడ్డ ఇక దేనికీ పనికిరాదు.

గుమ్మం దగ్గర పెట్టండి. ఇంకా అవతలికి. ఆఁ, అక్కడ.

చెప్పులు కూడా బయటే. మీరు అడుగు పెట్టారంటే చాలు, రేవులో ఇసకంతా నా గచ్చుమీదే. నేను జ్ఞానతల్లిగా నిలబడిన పిల్లకి తండ్రయ్యారు గనక ఊరుకుంటున్నాను గానీ, ఇంకొకరైతే చీపురు తిరగేసేదాన్ని.

నవ్వరేం? ఎప్పుడూ నవ్వుతారుగా ఆ మాటకి.

సరే, కూర్చోండి. కాఫీ పెడతాను. పల్చగా ఉంటుంది, ముందే చెబుతున్నా, డబ్బాలో పొడి అడుగంటింది. బెల్లంముక్క మాత్రం పెద్దదే వేస్తాను.

ఏంటి, బకెట్లో ఏముందో చూడమంటారా? అక్కర్లేదు. గోనెసంచి కప్పి తెచ్చినంతమాత్రాన వాసన ఆగుతుందా? మీరు వీధి మలుపు తిరగ్గానే నా ముక్కుకి తెలిసింది. అబ్బే, సంచి తియ్యకండి, ఆ కంపు గౌనుకి పట్టేస్తుంది.

చూశానండీ, చూశాను. ఊళ్ళో చూడనిదెవరు? మన లా మాన్సా రేవులో ఈ కొసనుంచి ఆ కొసదాకా ఇప్పుడు అదేగా. వెలిసిపోయిన గులాబీరంగులో, రాయి కనబడకుండా, వేలెడంత వేలెడంత చేతులు. తెరుస్తూ మూస్తూ, తెరుస్తూ మూస్తూ.

మొన్న గౌను కొలతకి వచ్చినప్పుడు మీ పిల్ల యుస్మేలి అంతా చెప్పింది. మీ చేపలబుట్టల మీద కూడా ఎక్కేసిందట. బుట్టలోకి చేప దూరడం లేదట. రాళ్ళసందుల్లో ఆక్టోపస్ లేదట. గవ్వలు ఏరదామని మునిగితే అడుగున ఇసకే దొరకడం లేదంది. పిల్ల అలా చెబుతూ ఉంటే నేను నోటినిండా గుండుసూదులు పెట్టుకుని కూర్చున్నాను, బదులు చెప్పాల్సిన పని లేకుండా.

నాకేం తెలుసండీ? నేను కుట్టుపనిదాన్ని. పడవలు మీవి, వలలు మీవి, రేవులో జాలర్లందరికీ పెద్ద మీరు. నన్నడుగుతారేం?

'నీళ్ళపూల ఓమైరా'నా? ఆ పేరు పెట్టి ఊరంతా చాటింది మీరే! ఎప్పటిమాట అది? తొట్టి ఎండిపోయి ఏడేళ్ళయింది. అదుగో, చూడండి, ఆ గాజుతొట్టిలో ఇప్పుడు దారపుకండెలూ బొత్తాలూ.

ఏదీ, మళ్ళీ చెప్పండి. ఆదివారమా? ఈ ఆదివారమేనా? ఎల్లుండి?

పదకొండు పడవలు. నలభైమంది. ఫాదరుగారు వచ్చి ముందు దీవిస్తారా? మంచిదే. కత్తులూ, గునపాలూ, ఇనుపబ్రష్షులూ. రాళ్ళన్నీ శుభ్రంగా గీకేసి, గీకిందంతా పడవల్లో పోసి... ఎక్కడ పారబోస్తామన్నారు?

పెలికన్ల దిబ్బ అవతలా?

అమ్మా, వాయే మరియమాతా!

ఏం లేదు, ఏం లేదు, గిన్నె జారింది. కాలిందిలెండి, కొంచెమే. కూర్చోండి మీరు. గుడ్డ నేను తెచ్చుకుంటాను.

కొంపాద్రే, ఒకమాట చెబుతాను, అడ్డం రాకుండా వినండి. ఆదివారం ఎవర్నీ నీళ్ళలోకి దింపకండి.

వద్దంటే వద్దండీ. ఎందుకేంటి ఎందుకు? ప్రతిదానికీ ఎందుకేనా?

అయ్యో, మీతో ఎలా చెప్పను. మీ దొడ్లో కర్రపెండలం ఎలా వేస్తారు? గింజ నాటుతారా? కాడ నరికి, జానెడు జానెడు ముక్కలు చేసి పాతుతారు. ఒక్క కాడ పది ముక్కలైతే పది మొక్కలు. అవునా కాదా? ఇదీ అంతే. కత్తితో ఒక్కటి నరికారనుకోండి, రెండవుతుంది. బ్రష్షుపెట్టి తోమితే వంద. గోటికొనంత ముక్క చాలు దానికి. నీళ్ళలో కొట్టుకుపోయి ఎక్కడ రాయి తగిలితే అక్కడ మూడోరోజుకల్లా పట్టేసుకుంటుంది, నెలకల్లా చేతులు తెరుస్తుంది. నలభైమంది గీకితే ఏమవుతుందో మీరే ఆలోచించండి. పైగా దాన్ని పడవలకెత్తి మీ చేత్తో మీరే దిబ్బకి మోసుకెళ్తారా? ఇప్పటికి దాని చెయ్యి పడనిది ఆ దిబ్బ ఒక్కటేగా! అదీ పోతే మీ నలభైమందీ వల ఎక్కడ వేస్తారు? నా వాకిట్లోనా?

పోయిన ఏడాది మీరూ మీ తమ్ముడూ గొడ్డళ్ళతో లైటుహౌసు కింద రాళ్ళు చెక్కారు చూడండి. ఈ ఏడాది ఎక్కువ పెరిగింది ఎక్కడ? అక్కడేనా కాదా? ఆలోచించరేం!

ఎవరు చెప్పడమేంటి? నాకు తెలుసు.

ఎలాగంటే... తొట్టిలో పెంచాను గదండీ. మీరే చూశారుగా. మీరు అదుగో ఆ కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, 'ఏంటి కొమాద్రే, నీ మొక్కలు నాకు టాటా చెబుతున్నాయి' అనేవారు. మర్చిపోయారా? వాటికి మీరే నీళ్ళు పోశారు! ముక్కు కొండ దాటి, స్వచ్ఛమైన నీళ్ళని చెప్పి, శనివారం శనివారం రెండు డబ్బాలు పడవలో మోసుకొచ్చింది మీరు కాదూ? ఊళ్ళోవాళ్ళు నవ్వేవారు, జాలరి ఇంటింటికీ చేపలు అమ్ముతాడు గానీ సముద్రం మోస్తాడా అని. మీరు మాత్రం ఒక్కవారం మానలేదు.

మొదటి ముక్క ఇచ్చింది పళ్ళడాక్టరు. ఉర్బానో గారు, పట్నంలో ఉండేవారు, పోయారు పాపం. ఆయన పిల్లకి గౌను కుట్టాను. ఇవ్వడానికి వెళ్తే వాళ్ళింట్లో గోడంత తొట్టి! రంగురంగుల మెత్తపగడాలు. గట్టి పగడం రాయిలా ఉంటుందిగా, ఇవి అలా కాదు, తడిసిన వెల్వెట్‌లా ఉంటాయి. నేను గౌను సంగతి మర్చిపోయి ఆ తొట్టి ముందు గంటసేపు నిలబడిపోయాను. ఆయన నవ్వి, కత్తెరతో ఇంత కొమ్మ తుంచి, సీసాలో వేసి చేతిలో పెట్టాడు. కత్తెర పట్టడం వచ్చినవాళ్ళకి ఇది రాకపోవడమేంటి అన్నాడు.

నిజంగానే వచ్చింది. మొదటిసారి కత్తెర మూడుసార్లు తీసి మూడుసార్లు కింద పెట్టాను, ప్రాణమున్నదాన్ని ఎలా కొయ్యనూ అని. కోస్తే అది ముడుచుకుపోయి పిడికిలంతయింది. ఏడ్చేశాను, చంపేశానని. తెల్లారేసరికి ఇక్కడ మొదలూ చేతులూపుతోంది, అక్కడ ముక్కా చేతులూపుతోంది!

ముక్క ఊరికే రాయిమీద పెడితే జారిపోతుంది. మెత్తన గదా, నూనె రాసినట్టుంటుంది. డాక్టరు ఏదో జిగురు వాడేవాడు, మనకెక్కడ దొరుకుతుంది? నేనేం చేశానంటే, పెళ్ళిగౌన్లలో మిగిలిన నెట్టుగుడ్డ ఉంటుందిగా, చిల్లుల గుడ్డ, అది చిన్నముక్క కత్తిరించి, పగడం రాయిమీద పెట్టి, పైన నెట్టు ముసుగేసి, కిందనుంచి దారంతో బిగించి కుట్టేసేదాన్ని. వెలుతురూ నీళ్ళూ ఆ చిల్లుల్లోంచి వెళ్తాయి, ముక్క మాత్రం కదల్లేదు. వారంలో రాయిని పట్టుకునేది. ఆ ఉపాయం విని డాక్టరే ముక్కున వేలేసుకున్నాడు. ఒక్క ముక్క ముప్ఫై రాళ్ళయింది నా చేతిలో.

మీకు తెలుసుగా, నా కడుపున ఒక్క కాయా కాయలేదు. మా ఆయన దానికోసమే వదిలిపోయాడని ఊరంతా అనుకుంటే మీరొక్కరే ఆ మాట నా ముందు ఎత్తలేదు. ఈ చేతిలో ఏదైనా పెరిగిందంటే అదొక్కటే. చిట్టిచేతులు అని పేరు నేనే పెట్టుకున్నాను.

రేవులోకి ఎలా వచ్చిందంటే నాకేం తెలుసు? ఆ డాక్టరే వేసి ఉంటాడు. పోయేముందు తొట్టి ఖాళీ చేయించారట. పనివాళ్ళు కాలవలో పోసి ఉంటారు, కాలవ సముద్రంలోకి... అలా వచ్చి ఉంటుంది.

నమ్మరా?

పట్నం ఎక్కడ, మన రేవెక్కడ అంటారు. ఆ మాటా నిజమే.

అబ్బ, నా నోరు పడిపోనూ! చచ్చినవాడి మీద నింద వేస్తున్నాను. వినకండి కొంపాద్రే, నేనన్నది వినకండి. ఆ మహానుభావుడు అలాంటి పని చెయ్యడు. సీసా నా చేతిలో పెడుతూ ఆయన చెప్పిన మాట ఒక్కటే. 'ఓమైరా, ఇది ఇక్కడిది కాదు, ప్రపంచం అవతలి సముద్రంలోది. తొట్టి కడిగిన నీళ్ళు కూడా దొడ్లో మట్టిలో పొయ్యి, సముద్రంలో ఒక్క చుక్క పడనీకు.' చిన్నపిల్లకి చెప్పినట్టు రెండుసార్లు చెప్పాడు. నేను ఊఁ అన్నాను. అన్నానా, మరి.

కాఫీ తాగండి. చల్లారిపోతోంది.

ఆ మార్చి గుర్తుందా? దేశమంతా కరెంటు పోయిన మార్చి. ఐదు రోజులు. ఫ్రిజ్‌లో మాంసం కుళ్ళిపోతుందని వీధిలో అందరూ ఒక్కచోటే కాల్చుకుని తిన్నాం, మీరు చేపలకి ఉప్పు పట్టించి నాకూ ఇచ్చారు. అప్పుడు నా తొట్టిలో మోటారు ఆగిపోయింది. నీళ్ళు కదలకపోతే వాటికి ఊపిరాడదు. చెంబుతో ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాను. ముంచడం, పొయ్యడం. ముంచడం, పొయ్యడం. రెండు రోజులు, రెండు చేతులూ మార్చుకుంటూ. ఎండకి తొట్టి వేడెక్కిపోయింది, చెయ్యి పెడితే సూపులో పెట్టినట్టుంది. చేపలు నాలుగూ పోయాయి. మూడోరోజు పొద్దున్న చూస్తే చిట్టిచేతులు ఊపడం మానేశాయి. వేలాడిపోయాయి. ఒక్కోటీ కరిగి, జీడిపాకంలా సాగుతోంది.

ఎవర్నడగను? ఫోన్లు లేవు. ఊళ్ళో మనుషులకే నీళ్ళు లేవు, నా పగడాల గోడు ఎవరు వింటారు? ఎదురుగా, నా కిటికీలోంచి కనబడుతూ, అంత సముద్రం. అన్ని నీళ్ళు. కదిలే నీళ్ళు.

మధ్యాహ్నం, అందరూ డబ్బాలు పట్టుకుని ఊటబావికి పోయినప్పుడు, బతికున్నవి ఏరి, బేసిన్‌లో పెట్టుకుని, తలమీద తువ్వాలు కప్పుకుని పోయాను.

పారెయ్యలేదు కొంపాద్రే! ఒట్టు. పారేసి ఉంటే ఏ చేపో తినేది, ఏ అలకో కొట్టుకుపోయేవి. నేను ఒక్కొక్కటీ రాయికి కుట్టి తీసుకెళ్ళాను. పంతొమ్మిది రాళ్ళు. లైటుహౌసు కింద, నడుంలోతు నీళ్ళలో, నీడపట్టున, అల నేరుగా కొట్టనిచోట, ఒక్కొక్కటీ ఒత్తిగిల్లకుండా పేర్చాను. కరెంటు రాగానే ఇంటికి తెచ్చుకుందామనే. ఇల్లు కాలుతుంటే పిల్లని ఎవరైనా పక్కింట్లో దాచరూ?

కరెంటు వచ్చింది. మీరు వచ్చారు. ఖాళీ తొట్టి చూసి, 'అన్నీ పోయాయా కొమాద్రే?' అన్నారు. నేను అవునన్నాను. మీరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. చావింటికి వచ్చినట్టు! అరగంట నా పక్కన కూర్చున్నారు. మర్నాడు ఇంతలావు చేప వండించి పంపారు. ఆ చేప తిన్నాను నేను. ముళ్ళు కూడా చప్పరించాను.

ఏంటి, లేస్తున్నారు? కూర్చోండి. ఇంకా అయిపోలేదు. ఇక్కడితో ఆపితే మీరు నన్ను క్షమించేస్తారు, మీ సంగతి నాకు తెలుసు. పాపం ఆడది, కరెంటు లేక, ప్రాణం మీద తీపితో చేసింది అనుకుంటారు. నేనూ ఏడేళ్ళుగా నాకు నేను అదే చెప్పుకుంటున్నాను.

ఆ సంచి తియ్యండి. తియ్యండీ, పర్లేదు, గౌను సంగతి తర్వాత. అంచు పక్కన ఆ రాయి ఉంది చూడండి, ఆ చిన్నది. ఇలా ఇవ్వండి.

మీరు గుమ్మంలో పెట్టినప్పుడు సంచి ఒక మూల తొలిగింది, అప్పుడే చూశాను. ఇది ఏమనుకున్నారు? చిరిగిన వలముక్కా? మీరు పదేళ్ళ వయసునుంచి వల అల్లిన మనిషి. ఇది ఏ వల కన్ను? ఇంత సన్నం కన్నుతో ఏ చేప పడతారు? తిప్పి చూడండి, కింద ముడి. జాలరి ముడేనా అది?

నా ముడి. గౌను అంచుకి వేసేదే. ఈ నెట్టు యుస్మేలి పదిహేనో పుట్టినరోజు గౌనులో మిగిలింది. లేత నీలం, గుర్తుందా, మీరు దగ్గరుండి ఏరారు. ఉప్పులో ఇన్నేళ్ళు నాని కూడా రంగు పోలేదు చూడండి. మంచి గుడ్డ.

పంతొమ్మిది రాళ్ళు పెట్టానన్నానా? కరెంటు వచ్చినా పోతూ వస్తూ ఉండేది, రెండు నెలలకి నిలబడ్డాక వెళ్ళాను, తెచ్చుకుందామని. నీళ్ళలోకి ముఖం పెట్టి చూశాను. ఏం చెప్పను! తొట్టిలో వేలెడు ఉండేవి అక్కడ జానెడయ్యాయి. ఊపిరి తీసుకుంటున్నట్టు అన్నీ ఒక్కసారి తెరుస్తున్నాయి, ఒక్కసారి మూస్తున్నాయి. సగం నా రాళ్ళు దిగి, పక్కనున్న బండని పట్టేసుకున్నాయి. నా ఒళ్ళు పులకరించిపోయింది. అప్పుడైతే తీసెయ్యగలిగేదాన్ని. ఒక్క పూటలో ఏరి పడేసేదాన్ని, చారెడున్నాయంతే.

నేను కత్తెర తెచ్చుకున్నాను.

కోశాను. ఒకటిని రెండు, రెండుని నాలుగు. రాళ్ళకి కుట్టాను. ఇంకొంచెం పక్కన, ఇంకొంచెం లోతున. మోకాళ్ళ నొప్పులకి ఉప్పునీళ్ళ స్నానం అని చెప్పి వారంవారం పోయేదాన్ని చూడండి, ఊరంతా చూసింది, మీరు కూడా జాగ్రత్త, జారుతుంది అని నాకు ఊతకర్ర చెక్కి ఇచ్చారు. ఏడాదిపాటు కొంపాద్రే. పంతొమ్మిది రాళ్ళు కాదు. మొదట్లో లెక్కపెట్టాను, నూట నలభై దాకా. తర్వాత మానేశాను. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఈ దేశంలో ఏ పని మొదలెట్టినా మధ్యలో ఆగిపోయేది, అదొక్కటే ఆగకుండా పెరిగింది. అంత ఏపుగా, అంత ఒత్తుగా. ఎంత సంతోషంగా ఉండేదాన్నో చెబితే మీరు నా మొహాన ఉమ్మేస్తారు.

డాక్టరు మాట గుర్తు రాలేదా అంటారు. వచ్చింది. ప్రతివారం వచ్చింది. ఇంత పెద్ద సముద్రానికి ఇంత చిన్న పువ్వు ఏం చేస్తుందిలే అనుకున్నాను.

రెండో ఏడు నాకు భయం వేసింది. బండమీద మునుపు ఉన్న పసుపు పగడం, మెదడులా మెలికలుగా ఉండేది చూడండి, చిన్నప్పుడు మనం దానిమీద కూర్చుని పందెం కట్టేవాళ్ళం ఎవరు ఎక్కువసేపు మునుగుతారని, అది కనబడలేదు. తవ్వి చూశాను. చిట్టిచేతుల కింద ఉంది. తెల్లగా. చచ్చిపోయి.

అప్పుడు మొదలెట్టాను, తియ్యడానికి. పీకితే తెగింది, తెగితే కొట్టుకుపోయింది, కొట్టుకుపోయి అవతల మొలిచింది. సూదిమందు సూదితో నిమ్మరసం పొడిచాను ఒక్కొక్కదానికీ. నవ్వండి, నవ్వొస్తే. నడుంలోతు నీళ్ళలో నిలబడి, ముసలిది, సముద్రానికి నిమ్మకాయ పిండుతోంది! వేణ్ణీళ్ళు మోసుకెళ్ళాను. వెలుతురు లేకపోతే చస్తుందని నల్ల పరదా గుడ్డ పదిగజాలు కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టాను. అల వచ్చి గుడ్డని తీసుకుపోయింది. మర్నాడు అది మీ పడవ మోటారు పంకాకే చుట్టుకుంది, మీరు ఊళ్ళోకొచ్చి ఎవడ్రా పరదాలు పారేసిందని తిట్టారు. నేను కిటికీ మూసుకున్నాను.

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? రోజూ అనుకున్నాను. మీరు బుట్ట ఖాళీగా మోసుకొస్తుంటే అనుకున్నాను. యుస్మేలి చేతులు కందిపోయి వస్తే అనుకున్నాను. రేపు చెబుదాం, పండగ వెళ్ళాక చెబుదాం, గౌను పూర్తయ్యాక చెబుదాం. ఆదివారం సంగతి ఈ పూట మీరు చెప్పకపోతే ఇవాళ కూడా నీళ్ళు నమిలి పంపించేసేదాన్ని. అదే నా బతుకు. మీరు పెలికన్ల దిబ్బ అన్నారు, ఇక నా వల్ల కాలేదు. నా మొహం చూసి ఆపకపోయినా, కర్రపెండలం గుర్తుపెట్టుకుని అయినా ఆపండి. నలభైమందికీ చెప్పండి. ఎలా తెలుసని అడిగితే నా పేరు చెప్పండి. ఫాదరుగారి ముందు చెప్పమన్నా చెబుతాను. ఆ రాయి పట్టుకుని నడిరేవులో నిలబడతాను.

ఆ టోపీ అలా నలిపెయ్యకండి, కిటికీ దగ్గర పెట్టండి.

నికా. చిన్నప్పుడు నిన్ను అలా పిలిచేదాన్ని, బాప్తిస్మం రోజున పిల్ల నా చేతుల్లోకొచ్చాక 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది. నికా, నువ్వు తిట్టు నన్ను. నువ్వు తిడితే నాకు కొంచెం బాగుంటుంది.

ఏంటి?

ఇంకోసారి అడగండి.

ఎలా తియ్యాలనా? మరి దేన్తో పోతుందనా?

అయ్యో కొంపాద్రే. అది అడుగుతారనే భయపడ్డాను, తిడతారని కాదు. నాకు తెలియదు. ఏ రాయికి ఎలా కుట్టాలో తెలుసు, ఎక్కడ కోస్తే తొందరగా వేరు పట్టుకుంటుందో తెలుసు, ఎంత వెలుతురు కావాలో, ఎంత కదలిక కావాలో, కళ్ళు మూసుకుని చెబుతాను. పెంచడం తెలుసు నాకు. చంపడం ఎవరూ నేర్పలేదు.

పెళ్ళి... గౌను ఇంకెవరి చేతైనా కుట్టించుకుంటానంటే కుట్టించుకోమనండి. నడుం దగ్గర పచ్చికుట్లే వేసి ఉంచాను, విప్పడం తేలిక. యుస్మేలికి మీరు చెబుతారా, నేను చెప్పనా? మీరే చెప్పండి.

వెళ్తున్నారా? టోపీ అక్కడే మర్చిపోయారు.

ఆగండి! బకెట్టు ఎక్కడికి? దారిలో రేవులో పారబోస్తారా? చెప్పింది ఒక్కటీ బుర్రకెక్కలేదా మీకు? దించండి. ఇలా తెండి, లోపలికి. చెప్పులు వద్దులే, ఉండనీండి, ఇసక పడితే పడనీండి.

ఇక్కడ పొయ్యండి. గచ్చుమీదేనండీ. లేదు, గచ్చు వాలు, నీళ్ళు వాకిట్లోకి పోయి కాలవలో పడతాయి, కాలవ రేవులోకే పోతుంది. బల్లమీద పొయ్యండి. ఆ తెల్లగుడ్డమీదే పొయ్యండి, అది పీల్చుకుంటుంది. ఉప్పు మరక పోదులే, తెలుసు. పొయ్యండంటుంటే!

రేపు మేడమీద ఎండలో పరుస్తాను. మూడురోజుల ఎండకి పొడి అయిపోతుంది, అంతవరకు నా చేతనవుతుంది. బకెట్టయితే ఎండబెట్టగలను కొంపాద్రే. సముద్రాన్ని ఎక్కడ ఎండబెట్టను?